వైట్ స్పాట్‌లో బతికిన వనామీ నుంచి సీడ్ తీయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మొగల్తూరు దగ్గర మీ నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువులో 70వ రోజున వైట్ స్పాట్ (తెల్లమచ్చల వైరస్ జబ్బు) వచ్చింది. సగం పైగా చచ్చాయి. మిగిలినవాటిని పట్టకుండా అలాగే పెంచితే 25 కౌంట్‌కి (కిలోకి 25 తూగేంత) వచ్చాయి. "అన్ని చచ్చినా ఇవి బతికాయంటే వీటి రక్తంలోనే ఏదో ఉన్నట్టు కదా. రెండొందలు ఏరి, తెలిసిన హ్యాచరీలో సీడ్ తీయిస్తే జబ్బు తట్టుకునే పిల్ల రాదా? ఇంకో మాట, పెద్దవన్నీ ఆడవే. ఆడ సీడ్ ఒక్కటే తీసే పద్ధతి లేదా?" ఇదీ ప్రశ్న.

నేను 1993 నుంచి హ్యాచరీల్లో పని చేస్తున్నాను. టైగర్ రొయ్యతో మొదలుపెట్టి వనామీకి వచ్చినవాణ్ణి. జవాబు ముందే చెప్పేస్తాను. వాటి నుంచి సీడ్ వస్తుంది, బాగానే వస్తుంది. కానీ తీయకండి. "రూల్ ఒప్పుకోదు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల ప్రకారం చెరువులో పెరిగిన వనామీని బ్రూడర్‌గా (పిల్లలు తీసే తల్లి, తండ్రి రొయ్యగా) వాడకూడదు. అయితే రూల్ ఎందుకు పెట్టారో తెలియకపోతే మనవాళ్ళు రూల్‌ని ఏం చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే కారణం చెబుతాను. దానికి ముందు రొయ్య ఎలా కంటుందో చూడాలి, ఎందుకంటే తిరకాసు అంతా అక్కడే ఉంది.

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మెచ్యూరేషన్ షెడ్డులో (తల్లిరొయ్యల్లో గుడ్లు పండించే చోటు) లైట్లు తగ్గించేస్తాం. ట్యాంకులో నీళ్ళు మోకాలిలోతు. గుడ్లు పండిన ఆడరొయ్య వీపు మీద, తల దగ్గర్నుంచి తోకదాకా, పెంకు లోపల్నుంచే నారింజరంగు చార కనబడుతుంది. టైగర్‌లో అదే చార ముదురాకుపచ్చగా ఉంటుంది. మగది ఆ ఆడదాన్ని వెనకే తరుముతూ పోయి, దాని తోక కిందికి తల దూర్చి, ఉన్నట్టుండి వెల్లకిలా తిరిగి పొట్టకి పొట్ట ఆనిస్తుంది. ఆ ఆనించడం రెండు మూడు సెకన్ల పని. మీరు రెప్ప వేస్తే చూడరు. ఆ తర్వాత టార్చి పట్టుకుని ఆడదాన్ని మెల్లగా వలలోకి తీస్తే, నడిచే కాళ్ళ మధ్యన రొమ్ము మీద తెల్లటి జిగురుముద్ద అంటుకుని ఉంటుంది. అదే వీర్యం ఉన్న సంచి. మా కుర్రాళ్ళకి నేను మొదట నేర్పేది ఇదే: వలలో రొయ్య ఎగిరిందా, ముద్ద ఊడిందా, ఆ రాత్రి గుడ్లన్నీ దండగ. రొయ్య వీర్యకణాలకి మన వాటిలా ఈదే తోక ఉండదు. కదలవు. గుడ్లు బయటికొచ్చే క్షణానికి ఆ ముద్ద అక్కడ ఉండాల్సిందే.

టైగర్ పద్ధతి వేరు. ఆడది కుబుసం విడిచి మెత్తగా ఉన్నప్పుడే మగదానితో కలుస్తుంది. వీర్యాన్ని లోపలి సంచిలో దాచుకుని, మళ్ళీ కుబుసం విడిచేదాకా వాడుకుంటుంది. అందుకే తొంభైల్లో కాకినాడ, విశాఖ బోట్ల మీద తల్లిరొయ్యని పాట పెట్టి కొనుక్కొచ్చేవాళ్ళం, మగదానితో పని ఉండేది కాదు. పిల్లల తండ్రి ఎవరో బంగాళాఖాతానికే తెలియాలి. ప్రతి తల్లీ సముద్రంలో ఓ మూల నుంచి వచ్చేది కాబట్టి చుట్టరికం గొడవే లేదు. బదులుగా ఇంకో గొడవ ఉండేది: సముద్రపు తల్లి తనతోపాటు వైరస్‌ని కూడా తెచ్చేది. 1994, 95లో నెల్లూరు నుంచి గోదావరి దాకా టైగర్ చెరువుల్ని తుడిచిపెట్టింది ఆ వైట్ స్పాటే.

వనామీతో లెక్క తలకిందులైంది. ఇది మన సముద్రపు జీవి కాదు. మెక్సికో నుంచి పెరూ ఉత్తర తీరం దాకా పసిఫిక్ ఒడ్డున పుట్టింది. మన దగ్గర 2009లో సాగుకి అనుమతిచ్చారు. తల్లిరొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల పెంపకకేంద్రాల్లో తరతరాలుగా ఎంపిక చేసి పెంచినవి. విమానంలో చెన్నై వచ్చి, నీలాంకరై క్వారంటైన్‌లో పరీక్షలయ్యాక హ్యాచరీలకు చేరతాయి. వైరస్ బెడద తగ్గింది. కానీ మొట్టమొదటిసారిగా మన రొయ్యకి వంశవృక్షం అనేది వచ్చింది. సముద్రం అంత పెద్దది కాదు ఆ చెట్టు.

ఇక గుడ్ల సంగతి. ఆడరొయ్య కంటికాడలో ఒక గ్రంథి ఉంటుంది, గుడ్లు పండకుండా ఆపే హార్మోన్ దాన్నుంచే వస్తుంది. 1943లో పానూస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఓ జాతి రొయ్యకి కంటికాడలు తీసి చూసి ఈ గుట్టు బయటపెట్టాడు. ఇప్పటికీ చాలా హ్యాచరీల్లో ఒక కన్ను తీస్తారు, ఒక్కటే. వారం తిరిగేసరికి వీపు మీద చార తేలుతుంది. అక్కణ్ణుంచి కొన్ని రోజులకోసారి గుడ్లు. చూడటానికి నాకు ఇన్నేళ్ళకీ అలవాటు కాలేదు. కన్ను తీయకుండానే కుదిరేలా మేత మీద, ఎంపిక మీద పని చేస్తున్నవాళ్ళూ ఉన్నారు, అది వేరే కథ.

ముద్ద అంటిన తల్లిని స్పానింగ్ ట్యాంకులో వేస్తే ఆ రాత్రే గుడ్లు వదిలేస్తుంది. మన నీలకంఠ (పెద్ద మంచినీటి) రొయ్యలాగా పొట్ట కింద మోయదు, నీళ్ళలో వదిలేసి దాని దారిన అది పోతుంది. గుడ్డు మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండదు. పొద్దున బీకరులో ఎత్తి వెలుగుకి పట్టుకుంటే సన్న రవ్వ తేలుతున్నట్టు ఉంటుంది. పదిహేను గంటల ప్రాంతంలో ఆ రవ్వ కాళ్ళాడించడం మొదలుపెడుతుంది. అదే నాప్లీ. ట్యాంకుకి ఒక మూల లైటు పెడితే ఆరోగ్యమైన నాప్లీ అంతా అక్కడికి పొగమబ్బులా వచ్చి చేరుతుంది. రానిది అడుగున మిగిలిపోతుంది, దాన్ని వదిలేస్తాం. నాప్లీకి నోటితో పనిలేదు, సొన మీదే బతుకుతుంది. రెండు రోజుల్లోపు జోయియా అయ్యి ఆల్గే తింటుంది. తర్వాత మైసిస్, ఆ తర్వాత మీరు సంచుల్లో కొనుక్కెళ్ళే పీఎల్.

ఇప్పుడు అసలు విషయం. ఒక మంచి వనామీ తల్లి ఒక్క రాత్రికి లక్షన్నర నుంచి రెండు లక్షల గుడ్లు వదులుతుంది. అందులో పొదగనివి, జోయియాలో పోయినవి తీసేసినా యాభై అరవై వేలు పీఎల్ దాకా వస్తాయి. మీరు ఎకరాకి లక్ష చొప్పున నాలుగు లక్షలు వేశారు. లెక్క కట్టండి. ఎనిమిదిమంది తల్లులు చాలు! మీ నాలుగెకరాల చెరువు నిండా ఉన్నది ఎనిమిదిమంది తల్లుల సంతానమే అయి ఉండొచ్చు. వనామీ ఆడది ఒక కాన్పుకి సాధారణంగా ఒక్క మగదానితోనే కలుస్తుంది కాబట్టి తండ్రులూ అంతే. మీరు ఏరతానంటున్న రెండొందల రొయ్యలు రెండొందల కుటుంబాలు కావు. ఎనిమిది ఇళ్ళ పిల్లలే కావచ్చు.

అదీ మంచి సందర్భంలో. కొందరు బ్రూడర్ సరఫరాదారులు ఆడవి ఒక వంశం నుంచి, మగవి ఇంకో వంశం నుంచి పంపుతారు. ఇందులో మోసం లేదు, వాళ్ళ సరుకుని ఎవరూ కాపీ కొట్టకుండా వేసుకున్న తాళం అది. రెండు వేర్వేరు వంశాల కలయిక కాబట్టి మొదటి తరం పిల్ల మీ చెరువులో దిట్టంగా పెరుగుతుంది. ఆ పిల్లనే తల్లిదండ్రుల్ని చేస్తే తాళం పడుతుంది.

ఎలాగో మన వరసల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే కుటుంబం ఆడపిల్లల్ని ఒకే కుటుంబం అన్నదమ్ములు చేసుకున్నారనుకోండి. తోడికోడళ్ళే అక్కచెల్లెళ్ళు. వాళ్ళ పిల్లలు మన వరసలో అన్నాచెల్లెళ్ళు, పెళ్ళి మాటే ఎత్తం. జన్యులెక్కలో కూడా వాళ్ళు మామూలు కజిన్ల కంటే రెండింతలు దగ్గర. మీ చెరువులో వేర్వేరు తల్లులకి పుట్టిన రొయ్యల మధ్య కూడా ఉండగలిగిన చుట్టరికం అది. ఒకే తల్లి పిల్లలైతే ఇక చెప్పేదేముంది.

ఈ దగ్గరతనానికి ఒక కొలత ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటుంది కదా, ఆ రెండూ ఒకే పూర్వీకుడి నుంచి దిగిన ఒకే ప్రతి అయ్యే అవకాశం ఎంత అని. మేనబావా మేనమరదళ్ళ పిల్లల్లో ఇది 6.25 శాతం. మేనమామ మేనకోడలి పిల్లల్లో 12.5. పైన చెప్పిన అక్కచెల్లెళ్ళ–అన్నదమ్ముల పిల్లలు జత కడితే వాళ్ళ సంతానంలోనూ 12.5. ఒకే తల్లీతండ్రీ పిల్లలు జత కడితే 25. మన ఊళ్ళలో మేనరికాల్లో డాక్టర్లు భయపడేది దేనికో మీకు తెలుసు: ఒక ప్రతిలో దాగి ఉన్న లోపం, రెండో ప్రతి మంచిది కాబట్టి ఇన్నాళ్ళూ బయటపడనిది, రెండు ప్రతులూ ఒకటే అయ్యేసరికి బయటపడుతుంది. మేనరికంలో తరానికోసారి ఇద్దరు పిల్లలు పుడతారు. రొయ్యలో ఒక్క రాత్రికి రెండు లక్షలు.

మరి ఇంకాసిన్ని ఎక్కువ ఏరితే? తలకాయలు లెక్కపెట్టి మోసపోవద్దు. ఏ చుట్టరికమూ లేని రొయ్యలే దొరికాయనుకున్నా, మగ ఆడ సంఖ్య తేడాగా ఉంటే వంశం చిక్కిపోతుంది. మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో, మళ్ళీ నాలుగుతో గుణించి, మొత్తం సంఖ్యతో భాగించండి. 90 ఆడవి, 10 మగవి ఉంటే తలలు వంద, కానీ వచ్చే తరం దృష్టిలో అవి 36 మాత్రమే. అదే 50, 50 ఉంటే వందకి వంద. హ్యాచరీలో డబ్బు కలిసొస్తుందని మగవాటిని తగ్గించేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెబుతున్నది కాదు, చేతులు కాల్చుకున్నవాణ్ణి. వనామీ కొత్తలో, బ్రూడర్లకి కరువుగా ఉన్న రోజుల్లో, నేను పని చేస్తున్న ఒక హ్యాచరీలో (పేరు వద్దు) చెరువు రొయ్యని వాడాం. మొదటి విడత అద్భుతంగా వచ్చింది. రెండు వేర్వేరు చెరువుల నుంచి తెచ్చాం కాబట్టి అదృష్టం కలిసొచ్చింది. రైతులు ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఓనరు గారు, నేను, అందరం తెలివైనవాళ్ళమైపోయాం. ఆ సీడ్ వేసిన చెరువులోంచే మళ్ళీ 40 గ్రాముల రొయ్యల్ని ఏరి రెండో విడత చేశాం. డెబ్భై శాతం పొదిగే గుడ్లు నలభైకి దిగాయి. నీళ్ళనుకున్నాం, అయోడిన్ ఎక్కువైందనుకున్నాం. జోయియా రెండు నుంచి మూడుకి మారే రోజున ఒక ట్యాంకు ట్యాంకంతా రాత్రికి రాత్రి అడుగున పడింది. బతికిన పీఎల్‌ని గిన్నెలో పోసి చూస్తే అరంగుళం పక్కన పావంగుళం. కొన్నిటికి ముక్కు వంకర. అయినా అమ్మాం. అరవై రోజులకి ఒక రైతు చెక్ ట్రే (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెం) తెచ్చి నా ముందు పెట్టాడు: ఒకే ట్రేలో 12 గ్రాములది, 4 గ్రాములది. ఏమీ మాట్లాడలేదాయన. ట్రే అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ నష్టమంతా మేనరికం వల్లే అని నేను ప్రమాణం చేయలేను. ముక్కు వంకర, సైజు తేడా అనేవి ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీ అనే వైరస్ లక్షణాలు కూడా. అది సోకిన వనామీ చావదు, దర్జాగా పెరిగి పెద్దవుతుంది, గుడ్ల ద్వారా పిల్లలకిస్తుంది. మేం టెస్ట్ చేయించలేదు. చెరువు రొయ్యని తల్లిని చేయడంలో రెండో ప్రమాదం ఇదే, మీ మొదటి ప్రశ్నకి ఇదే జవాబు.

బతికినవి బలమైనవి అనుకుంటున్నారు మీరు. వైట్ స్పాట్ చెరువులో రొయ్య బతకడానికి మూడు దారులున్నాయి. ఒకటి, చచ్చినదాన్ని తినే అవకాశం దానికి దక్కలేదు, అంటే వైరస్ సరిపడా లోపలికి పోలేదు. రెండు, ఎండలు ముదిరి నీళ్ళు వేడెక్కాయి, 32 డిగ్రీలు దాటితే వైట్ స్పాట్ ఉధృతి తగ్గుతుందని మీకూ అనుభవమే. మూడోది మాత్రమే జన్యువుల బలం. ఈ మూడింటిలో ఏది ఎంత అని పరిశోధకులు వంశాలవారీగా లెక్క కట్టి చూశారు. వైట్ స్పాట్‌ని తట్టుకోవడంలో వారసత్వం వాటా చాలా తక్కువ అని ఎక్కువ లెక్కల్లో తేలింది, తరచు పదో వంతు కూడా లేదు. కొన్ని వంశాల్లో తట్టుకునేవి నిదానంగా పెరుగుతాయని కూడా బయటపడింది. పెరుగుదలకైతే వారసత్వం వాటా మెరుగ్గానే ఉంటుంది, ఇంచుమించు 20 నుంచి 40 శాతం. అందుకే పెంపకకేంద్రాలు ముందు పెరుగుదల మీద పడ్డాయి. టౌరా అనే ఇంకో వైరస్ ఉంది, ఈక్వెడార్‌లో 1992లో మొదట కనబడింది. దాని మీద మాత్రం ఎంపిక పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది, నిజంగా తట్టుకునే వంశాలొచ్చాయి. ఒక జబ్బుకి పనిచేసింది ఇంకోదానికి పనిచేస్తుందని లేదు.

పైగా బతికిన రొయ్య లోపల వైరస్ నిద్రపోతూ ఉండొచ్చు. దాని కన్ను తీసి, ట్యాంకులో పెట్టి, గుడ్లు పెట్టమని ఒత్తిడి చేస్తే నిద్ర లేస్తుంది. నా కళ్ళతో చూశాను, టైగర్ రోజుల్లో. పొద్దున పీసీఆర్ (వైరస్ ఉందో లేదో చూసే ల్యాబ్ పరీక్ష) నెగటివ్ వచ్చిన తల్లి, గుడ్లు వదిలిన మర్నాడు పాజిటివ్.

ఎస్పీఎఫ్ అన్నమాట మీద కూడా ఒక అపోహ ఉంది. "ఎస్పీఎఫ్ సీడ్ అన్నారు, మరి జబ్బెందుకొచ్చింది" అని రైతులు హ్యాచరీల మీదకి గొడవకి వెళ్ళడం చూశాను. ఎస్పీఎఫ్ అంటే ఫలానా ఫలానా జబ్బుక్రిములు లేవని పరీక్షించి తేల్చిన స్థితి. అది రొయ్య గుణం కాదు, రొయ్య పరిస్థితి. కాచి చల్లార్చిన నీళ్ళని కాలవలో పోసి "ఇవి కాచిన నీళ్ళు" అనగలమా? జబ్బు తట్టుకునే గుణాన్ని ఎస్పీఆర్ అంటారు, అది జన్యువుల్లో ఉండేది. రెండూ ఉన్న రొయ్య ఉండొచ్చు, ఏదో ఒకటే ఉన్నదీ ఉండొచ్చు. మీ చెరువులో బతికిన రొయ్యకి మొదటిది ఖాయంగా లేదు, రెండోది ఉందో లేదో తెలియదు.

"మరి ఈక్వెడార్ వాళ్ళు అదే పని చేస్తున్నారుగా" అని మీరో, ఇంకొకరో అడుగుతారు. మంచి ప్రశ్న. 1999లో వైట్ స్పాట్ వాళ్ళని నేలమట్టం చేశాక, చెరువుల్లో బతికిన రొయ్యల్ని ఏరి తల్లుల్ని చేయడం మొదలుపెట్టారు, ఇప్పుడు ప్రపంచంలోనే పెద్ద ఎగుమతిదారులు. కానీ వనామీ వాళ్ళ సొంత సముద్రపు రొయ్య. మొదలుపెట్టినప్పుడే చేతిలో ఉన్న వంశాల వైశాల్యం వేరు. ఒక్క చెరువులో రెండొందలు కాదు, ఎన్నో చెరువుల నుంచి, ఏళ్ళ తరబడి ఏరారు. పిల్లని మనకంటే ఎంతో పల్చగా వేస్తారు కాబట్టి కాస్త జబ్బున్నా రొయ్య నిలదొక్కుకుంటుంది. మేనరికం దెబ్బ ఎప్పుడూ కష్టకాలంలోనే బయటపడుతుంది. ఆక్సిజన్ బాగుండి, పల్చగా ఉండి, జబ్బు లేని చెరువులో అది కనబడకపోవచ్చు కూడా. ఎకరాకి లక్షన్నర వేసే మన దగ్గర దాక్కోడానికి చోటెక్కడ?

మన దేశంలో సరిగ్గా జరిగిన పని ఒకటుంది, చేపల్లో. జయంతి రోహు. భువనేశ్వర్‌లోని సీఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) వాళ్ళు నార్వే నిపుణులతో కలిసి 1992లో మొదలుపెట్టారు. గంగ, యమున, గోమతి, బ్రహ్మపుత్ర, సట్లెజ్, ఇలా ఐదు నదుల రోహుని, దానికి తోడు స్థానిక ఫారం రోహుని తెచ్చి పునాది వేసుకుని, ఏ పిల్ల ఏ జంటదో గుర్తులు పెట్టి, కుటుంబాలవారీగా ఎంచుకుంటూ పోయారు. స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండిన 1997లో విడుదల చేశారు, పేరు అందుకే. ఎక్కువ పెరిగినదాన్ని ఏరడం అందరికీ వచ్చు. ఏరినవాటి చుట్టరికం రాసిపెట్టుకోవడమే విద్య. కైకలూరు వైపు కొన్ని చేపపిల్లల హ్యాచరీల్లో పదేళ్ళుగా అవే తల్లిచేపల పిల్లల్ని మళ్ళీ తల్లుల్ని చేస్తూ, "ఈ మధ్య రోహు ఎదగట్లేదండీ" అంటుంటారు. మేతని తిడతారు.

ఇక మీ రెండో ప్రశ్న, నాకు ఇష్టమైనది. మీ కన్ను కరెక్టే, పెద్దవన్నీ ఆడవే. వనామీలో ఓ పదిహేను ఇరవై గ్రాములు దాటాక ఆడది మగదాన్ని మించిపోతుంది. (ఏరేటప్పుడు ఎవరూ గమనించని చిక్కొకటి ఇందులోనే ఉంది: పెద్దవాటిని మాత్రమే ఏరితే వచ్చేవన్నీ ఆడవే, మగవి పదో పన్నెండో. పైన చెప్పిన 36 లెక్క గుర్తుందా?) మగా ఆడా తేడా తెలియాలంటే తిరగేసి చూడండి. ఈదే కాళ్ళలో మొదటి జత మధ్య గొట్టంలా మడతపడిన భాగముంటే మగది. పెద్ద మగదానికి చివరి నడిచే కాళ్ళ మొదట్లో రెండు తెల్లటి చుక్కలు కూడా కనబడతాయి, అవి వీర్యపు సంచులు. నల్లబడితే పనికిరాదు.

మనుషుల్లో బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి క్రోమోజోము. రొయ్యలో తల్లిది, కోడిలో లాగానే. మగదానికి రెండూ జడ్ క్రోమోజోములు. ఆడదానికి ఒకటి జడ్, ఒకటి డబ్ల్యూ. తల్లి ఇచ్చేది జడ్ అయితే కొడుకు, డబ్ల్యూ అయితే కూతురు. అందుకే మామూలుగా సగం సగం.

ఈ కిటుకుని వాడుకున్నది నీలకంఠంలో. అక్కడ మగవే పెద్దవి, నీలంరంగు పొడవాటి పట్టుకాళ్ళతో మీరూ చూసే ఉంటారు. కాబట్టి అందరికీ మగ సీడ్ కావాలి. మగరొయ్యలో మగలక్షణాల్ని తయారుచేసే ఆండ్రోజెనిక్ గ్రంథి అని ఒకటుంటుంది. పిల్లగా ఉన్నప్పుడే ఆ గ్రంథిని పనిచేయకుండా చేస్తే, జన్యువుల్లో మగదే అయినా ఆడదిగా పెరిగి గుడ్లు పెడుతుంది. దాని దగ్గర డబ్ల్యూ లేదు. మామూలు మగదానితో కలిపితే అన్నీ జడ్‌లే, అన్నీ మగపిల్లలే. మొదట్లో ఆ గ్రంథిని కత్తితో తీసేవారు. తర్వాత ఇజ్రాయెల్‌ శాస్త్రవేత్తలు ఆ గ్రంథి జన్యువు నోరు మూయించే ఇంజెక్షన్ కనిపెట్టారు. మనం తినే రొయ్యకి మందూ లేదు, మార్పూ లేదు, ఇంజెక్షన్ దాని తల్లికే.

అన్నీ ఆడవి కావాలంటే దీనికంటే ఒక మెట్టు ఎక్కువ. రెండూ డబ్ల్యూలే ఉన్న తల్లి కావాలి. అప్పుడు కూతుళ్ళందరూ జడ్, డబ్ల్యూ. నీలకంఠంలో అలాంటి తల్లుల్ని కూడా తయారుచేశారు, అవి బతుకుతాయి. వనామీలో మాత్రం ఈ పని చెరువుగట్టు దాకా రాలేదు. "ఆల్ ఫీమేల్ వనామీ సీడ్" అని మీకెవరైనా వాట్సాప్‌లో పంపితే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

ఇప్పుడు మీరేం చేయాలి. ఆ 25 కౌంట్ రొయ్య బంగారం, అమ్మేయండి. తల్లుల్ని చేయడానికి అట్టేపెట్టొద్దు, "ఓ యాభై తెలిసిన టెక్నీషియన్‌కి ఇద్దాం" అని కూడా వద్దు. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్ళు కాలవలోకి వదలకుండా క్లోరిన్ వేసి, నాలుగైదు రోజులు ఆపి అప్పుడు వదలండి. లేకపోతే పక్క చెరువువాళ్ళు మీ పేరు తలుచుకుంటారు. చెరువులో పీతల్ని మిగలనివ్వొద్దు, అవి వైట్ స్పాట్‌కి సొంతిల్లు.

వచ్చే పంటకి సీడ్ కొనేటప్పుడు ధర తర్వాత అడగండి. ముందు బ్రూడర్ ఎక్కణ్ణుంచి, ఏ నెలలో వచ్చింది, చెన్నై క్వారంటైన్ కాగితం ఉందా అని అడగండి. చూపించడానికి మొహమాటపడే హ్యాచరీ నుంచి బయటికొచ్చేయండి. మగవి ఎన్ని, ఆడవి ఎన్ని అని కూడా అడగండి, ఈ ప్రశ్న రైతు నోట వినడం వాళ్ళకి కొత్త కాబట్టి మొహం చూస్తేనే జవాబు తెలిసిపోతుంది. పీఎల్‌ని తెల్లగిన్నెలో పోసి సైజు తేడా చూడండి. వైట్ స్పాట్‌తోపాటు ఈహెచ్‌పీకి (రొయ్య ఎదుగుదల ఆపేసే పరాన్నజీవి), ఐహెచ్‌హెచ్‌ఎన్‌వీకి కూడా పీసీఆర్ చేయించండి, డబ్బులు మీరే కట్టి మీకు నమ్మకమున్న ల్యాబ్‌లో.

యాభై రోజులకి సైజు తేడా వస్తే "జెనెటిక్స్ పోయింది" అని వెంటనే హ్యాచరీ మీదకి వెళ్ళకండి. మన జిల్లాల్లో పదిట్లో ఎక్కువసార్లు అది ఈహెచ్‌పీ, మీ చెరువు అడుగు మట్టిలోంచే వచ్చినది కూడా కావచ్చు. ముందు నాలుగు చిన్న రొయ్యలు, నాలుగు పెద్దవి విడివిడిగా టెస్ట్‌కి పంపండి. రెండు గుంపులూ నెగటివ్ వస్తే అప్పుడు ఆ రిపోర్టు, సీడ్ బిల్లు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.